నెంబరు నొక్కితే ఫోన్ కలవాలి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి బాధ ఒకటే. వెబ్‌సైట్ పెట్టాం, జనం వస్తున్నారు, చూస్తున్నారు, పోతున్నారు, ఏం చేస్తే కాసేపు ఆగి మాతో మాట్లాడతారు అని. ఐదు తీసుకున్నా. మొదటిదానికే సగం చోటు పోయింది, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి, అందులోనే మీకూ పనికొచ్చేది ఉంది.

ప్రశ్న: మాది తిరుపతిలో ట్రావెల్స్. నాన్న ఒక్క కారుతో మొదలుపెట్టి ఇప్పుడు ఆరు కార్లు, రెండు టెంపో ట్రావెలర్లు నడుపుతున్నారు. మూడేళ్ళ కిందట నేను పట్టుబట్టి వెబ్‌సైట్ చేయించాను. రోజూ అరవై డెబ్బై మంది చూస్తున్నట్టు లెక్క కనిపిస్తోంది కానీ నెలకు ఒకటో రెండో బుకింగులు, అంతే. సైట్ చేసిన అబ్బాయిని అడిగితే "అన్నా, సైట్ ఇంటరాక్టివ్‌గా లేదు, యానిమేషన్లు, చాట్‌బాట్ పెడదాం" అని ఒక పెద్ద మొత్తం చెప్పాడు. నాన్నేమో "ఆ డబ్బుతో నాలుగు టైర్లు మార్చుకోవచ్చు" అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ముందు టైర్లు మార్చండి తమ్ముడూ, ఘాట్ రోడ్డెక్కే బండ్లు మీవి. సైట్ బాగు చేసుకోవడానికి అంత డబ్బు పట్టదు.

మీరు సైట్ అడ్రసు కూడా రాశారు కాబట్టి తెరిచి చూశాను. ఇంట్లో కంప్యూటర్లో కాదు, రైల్వే స్టేషన్ బయట విష్ణునివాసం వైపు నిలబడి, మిట్టమధ్యాహ్నం, నా పాత ఫోన్లో. ఎందుకంటే మీ సైట్ చూసేవాళ్ళు అలాగే చూస్తారు, రైలు దిగి, భుజాన బ్యాగు, ఒక చేతిలో పిల్లోడు, ఇంకో చేతిలో ఫోను, పక్కన "ఏమండీ బండి దొరికిందా" అని అడుగుతున్న భార్య. మొదట గోపురం ఫొటో పైనుంచి కిందికి మెల్లగా దిగింది. సగం దిగేలోపే స్లైడ్ మారింది. "స్వాగతం" అని అక్షరాలు ఒక్కొక్కటే ఎగురుకుంటూ వచ్చి కూర్చున్నాయి. ఆ తర్వాత పైన నారింజ రంగు పట్టీలో ఫోన్ నెంబరు కనిపించింది, హమ్మయ్య అని నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కితే ఫొటో పెద్దదయింది! నెంబరు అక్షరాలుగా లేదు, బొమ్మలో భాగంగా ఉంది. ఇక పది అంకెలూ బట్టీపట్టి డయలర్‌లోకి పోయాను, ఏడో అంకె దగ్గర మర్చిపోయాను, వెనక్కి వస్తే సైట్ మళ్ళీ మొదటినుంచి, గోపురం మళ్ళీ పైనుంచి.

నేను జవాబు రాయాల్సినవాణ్ణి కాబట్టి ఓపిక పట్టాను. ఆ బ్యాగు మోసుకొచ్చినాయనకు ఏం అవసరం, ఎదురుగా ఆటోవాళ్ళు పిలుస్తూనే ఉన్నారు.

కాబట్టి మొదటి పని ఇదే, నెంబరు నొక్కితే ఫోన్ కలవాలి. దీనికి 'టెల్' లింకు అంటారు, సైట్ చేసిన అబ్బాయికి ఐదు నిమిషాల పని, దీనికి డబ్బు అడిగితే ఇవ్వకండి. రెండోది ఆ స్లైడర్ తీసేయించి ఒక్క ఫొటో ఉంచండి, అదీ గోపురం కాదు, మీ బండి ఫొటో. గోపురం చూడ్డానికే వాళ్ళు ఇంతదూరం వచ్చారు, బండి ఎలా ఉంటుందో తెలీక మీ సైట్ తెరిచారు. ఫొటోను వెబ్‌పీ అనే, బరువు తక్కువుండే ఫార్మాట్‌లోకి మార్చి, ఫోన్ తెరకు సరిపోయే సైజులో పెట్టమనండి. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత, నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలన్నది ఇంకో కొలత, ఈ రెండోదాన్ని 2024 మార్చి నుంచి లెక్కలోకి తీసుకుంటున్నారు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అని గూగుల్‌దే ఉచిత పరికరం ఉంది, అందులో మీ సైట్ అడ్రసు వేస్తే మొబైల్‌కు ఎన్ని మార్కులో, ఏది బరువో చెప్పేస్తుంది. మీకు ఎర్ర రంగులో వచ్చింది, నేను చూశాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఇంటరాక్టివ్ అంటే అక్షరాలు ఎగరడం అని ఎవరో మనందరి బుర్రలో పెట్టేశారు. అక్షరాలు ఎగురుతుంటే చూసేవాడు ఊరికే చూస్తాడు, సినిమా చూసినట్టు. అతను ఏదో అడిగితే, ఏదో నొక్కితే, దానికి తగిన జవాబు వెంటనే రావాలి, అప్పుడది ఇంటరాక్టివ్. మీ ఆఫీసులో అది రోజూ జరుగుతోంది, మీ నాన్నగారు చేస్తున్నారు.

ఒక వారం పాటు ఒక నోటుబుక్కు పట్టుకుని ఆయన ఫోన్ పక్కన కూర్చోండి. ఎవరెవరు ఏమేం అడుగుతున్నారో వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. నాకు తెలిసిన ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఒక పూట కూర్చుని నేను రాసుకున్నవి ఇవి. "అన్నా, మేము పెద్దోళ్ళు ఏడుగురు, పిల్లోళ్ళు ఇద్దురు, ఏ బండి సరిపోతాది?" "కాణిపాకం, గోల్డెన్ టెంపులు రెండూ ఒక్క రోజులో అయిపోతాయా?" "బాటా (డ్రైవర్ రోజు ఖర్చు) కలిపేనా, అది వేరేనా?" "తెల్లార్తో మూడింటికి రేణిగుంట స్టేషన్‌కి వస్తారా?" "అమ్మకి మోకాళ్ళ నొప్పులు, బండి ఎక్కడిదాకా వస్తుంది?" "దర్శనం టికెట్లు కూడా మీరే ఇప్పిస్తారా?"

ఇంకో సంగతి గమనించండి. "ఎంతవుతుంది" అని ఎవరైనా అడిగితే పాత ఓనర్లు ఎవ్వరూ వెంటనే రేటు చెప్పరు. "ఎంతమంది? ఏ రోజు? ఎక్కడెక్కడికి?" అని మూడు ఎదురు ప్రశ్నలు వేస్తారు, ఆ తర్వాతే రేటు. ఆ మూడు ప్రశ్నలనే మీ సైట్ మొదటి పేజీలో, బండి ఫొటో కిందే, నొక్కే బటన్లుగా పెట్టండి. ఎంతమంది అన్నదానికి 1–4, 5–6, 7–12 అని మూడు గళ్ళు. తారీఖుకు క్యాలెండర్. ఎక్కడికి అన్నదానికి తిరుమల, తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం, శ్రీపురం (వేలూరు దగ్గర గోల్డెన్ టెంపుల్ ఉన్నచోటు), ఇలా ఊళ్ళ పేర్లు, ఎన్ని కావాలంటే అన్ని నొక్కుకోవచ్చు. మూడూ నొక్కగానే కింద ఏ బండి, సుమారు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, మొత్తం ఎంత అన్నది రావాలి. టైపు చేయాల్సింది ఏమీ ఉండకూడదు.

ఇక్కడ సైట్ చేసే అబ్బాయి ఒక పొరపాటు చేస్తాడు, ముందే చెప్తున్నా. ఊరికి ఇన్ని కిలోమీటర్లని వేసి కూడేస్తాడు. తిరుపతి నుంచి కాణిపాకం సుమారు 70 కిలోమీటర్లు, శ్రీపురం ఇంకో లెక్క, రెండూ రానూపోనూ కలిపితే కొండంత అంకె వస్తుంది, చూసినవాడు పారిపోతాడు. నిజానికి కాణిపాకం చూసుకుని చిత్తూరు మీదుగా వేలూరు వైపు పోతే శ్రీపురం అదే దోవలో ముందుకు వస్తుంది, ఒకటే చుట్టు. ఇది మీ నాన్నకు తెలుసు, కంప్యూటరుకు తెలీదు. అందుకని కూడికలు పెట్టకుండా, జనం ఎక్కువగా అడిగే పది పన్నెండు చుట్లకు ఆయన నోటితో చెప్పే లెక్కలనే ఒక పట్టికగా రాసి ఇవ్వండి. ఆ పట్టికలో లేనిది ఎవరైనా ఎంచుకుంటే "దీనికి ఫోన్ చేసి చెప్తాం" అని రావాలి. శ్రీపురం అంటే రాష్ట్రం దాటాలి కాబట్టి పర్మిట్ ఖర్చు కూడా అందులోనే చేర్చండి.

రేటు చెప్పేటప్పుడు బాటా, టోల్, పార్కింగ్, పర్మిట్ అన్నీ కలిపి ఒకే అంకె చెప్పండి, విడివిడిగా ఏది ఎంతో కింద రాయండి. మొదట తక్కువ రేటు చూపించి చివర్లో ఒక్కొక్కటే తగిలించడం మన దగ్గర మామూలే అనుకుంటారు కానీ, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు డిజైన్లను నిషేధించింది, వాటిలో ఇదొకటి, డ్రిప్ ప్రైసింగ్ అంటారు. మీ సైట్లో "త్వరపడండి, ఈరోజు 2 బండ్లే మిగిలాయి" అని ఎర్రగా మెరుస్తోంది చూశారా, ఏ రోజు తెరిచినా రెండే మిగులుతున్నాయి. అది కూడా ఆ జాబితాలోదే. తీసేయండి.

దర్శనం టికెట్ల గురించి అడిగేవాళ్ళకు మొహమాటం లేకుండా "మేము టికెట్లు ఇప్పించం, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ అధికారిక సైట్‌లోనే బుక్ చేసుకోండి" అని రాసి, దాని లింకు ఇవ్వండి. గిరాకీ పోతుందని భయమేస్తుంది కదా, పోదు. ఊరు కాని ఊరొచ్చినవాడికి ఉన్నదున్నట్టు చెప్పినవాడి మీదే గురి కుదురుతుంది. మిగతా ప్రశ్నలు కూడా ఆ నోటుబుక్కులో ఉన్న మాటల్తోనే, ప్రశ్న నొక్కితే కింద జవాబు తెరుచుకునేట్టు పెట్టించండి. "తరచుగా అడుగు ప్రశ్నలు" అని పుస్తక భాష వద్దు, "బాటా కలిపేనా?" అని ఉంటేనే తన ప్రశ్న ఇదేనని నొక్కుతాడు.

రేటు చూశాక ఏం చేయాలి? ఇప్పుడు మీ సైట్లో ఒక ఫారం ఉంది, పదకొండు గళ్ళు. పేరు, ఇంటిపేరు, ఈమెయిల్, చిరునామా, పిన్ కోడ్ కూడా! టాక్సీకి పిన్ కోడ్ ఎందుకు తమ్ముడూ? నేను అన్నీ నింపి పంపితే ఈమెయిల్ తప్పన్నాడు, సరిచేద్దామని చూస్తే మిగతా పది గళ్ళూ ఖాళీ అయిపోయాయి. ఆ ఫారం స్థానంలో రెండు బటన్లు చాలు, ఒకటి ఫోన్, ఒకటి వాట్సాప్. వాట్సాప్ బటన్ నొక్కితే మెసేజ్ ముందే రాసి ఉండేట్టు చేయొచ్చు, "7గురం, 14వ తేదీ, కాణిపాకం, శ్రీపురం, మీ సైట్లో చూపించిన రేటు ఇంత" అని, అతను పంపడం ఒక్కటే చేయాలి. ఇది కూడా ఒక లింకే, ఖర్చు లేదు. ఫారం ఉండి తీరాలంటే పేరు, నెంబరు, అంతే, ఆ నెంబరు గడి నొక్కినప్పుడు అంకెల కీబోర్డే రావాలి. తీసుకున్న నెంబర్లను ట్రిప్పుకే వాడండి, తర్వాత రియల్ ఎస్టేట్ చేసే బావగారికి ఇవ్వకండి. వ్యక్తిగత డేటాను చెప్పిన పనికే వాడాలని 2023లో చట్టం కూడా వచ్చింది.

చాట్‌బాట్ సంగతి. ఇప్పుడే వద్దు. వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 నుంచి ఉంది, ఉచితం, అందులో పలకరింపు మెసేజ్, మనం లేనప్పుడు వెళ్ళే మెసేజ్, తరచూ పంపే జవాబులకు షార్ట్‌కట్‌లు ఉన్నాయి, ముందు వాటిని పూర్తిగా వాడండి. అంతకన్నా ముఖ్యం, వచ్చిన మెసేజ్‌కు ఎవరు జవాబిస్తారు? నాకు జరిగింది చెప్తా. రెండేళ్ళ కిందట ఒక ఫర్నిచర్ షాపు సైట్లో మంచం నచ్చి, సైజు అడుగుతూ ఫారం పంపాను. "ధన్యవాదాలు, మా ప్రతినిధి మిమ్మల్ని త్వరలో సంప్రదిస్తారు" అని ఆకుపచ్చ టిక్కు తిరుగుతూ వచ్చింది, ఎంత అందంగా తిరిగిందో చెప్పలేను. పదకొండో రోజు ఫోనొచ్చింది. అప్పటికి వేరే చోట కొన్న మంచం మీద పడుకునే ఆ ఫోన్ ఎత్తాను. కాబట్టి పగలు మీరు, రాత్రి ఎవరో ఒకరు అని ఇంట్లోనే డ్యూటీ వేసుకుని, "రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు ఫోన్ మాత్రమే చేయండి, మెసేజ్ చూడం" అని ఉన్నదే సైట్లో రాయండి.

ఇంకొక్కటి. మీ ఊరికొచ్చేవాళ్ళలో తమిళం, కన్నడం మాట్లాడేవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు. ఆ మొదటి పేజీ ఒక్కటైనా తమిళంలో, కన్నడంలో పెట్టండి, భాష పేరు ఆ భాష లిపిలోనే బటన్ మీద ఉండాలి. యంత్రంతో అనువాదం చేయించి అలాగే పెట్టేయకండి, "డ్రైవర్ బాటా" అన్నదాన్ని అది చెప్పుల కొట్టు అనుకున్నా అనుకుంటుంది. మీ డ్రైవర్లలో తమిళం వచ్చినవాళ్ళు లేకుండా ఉండరు, కూర్చోబెట్టి చదివించండి.

ఇవన్నీ అయ్యాక లెక్క మార్చండి. అరవై మంది వచ్చారన్నది లెక్క కాదు, అరవైలో ఎంతమంది ఫోన్ బటన్ నొక్కారు, ఎంతమంది వాట్సాప్ నొక్కారు అన్నది లెక్క. గూగుల్ అనలిటిక్స్‌లో ఆ నొక్కుళ్ళను విడిగా లెక్కపెట్టొచ్చు. మైక్రోసాఫ్ట్ క్లారిటీ అని ఇంకొకటి ఉంది, అదీ ఉచితమే, చూసేవాళ్ళు ఎక్కడ నొక్కారు, ఎక్కడిదాకా వచ్చి వెనుదిరిగారు అన్నది వీడియోలాగా చూపిస్తుంది. ఒక సాయంత్రం మీరూ నాన్నా కూర్చుని పది చూడండి. నేను స్టేషన్ బయట చేసినట్టే, పాపం ఎవరో ఆ నారింజ పట్టీని మూడుసార్లు నొక్కి పోవడం మీకు కనిపిస్తుంది.

ప్రశ్న: నేను శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు, దుపట్టాలు వేయించి అమ్ముతాను. సైట్లో ఫొటోలు బాగున్నాయనే అంటారు, ఆ తర్వాత "ప్రింటుది ఇంతకంటే తక్కువకు వస్తోంది కదా" అని పోతారు. 360 డిగ్రీలు తిప్పి చూసే సదుపాయం పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు, పెట్టనా?
– ఒక సోదరి, శ్రీకాళహస్తి

జవాబు: చీర చెంబు కాదు కదమ్మా, తిప్పి చూడ్డానికి. మీ గిరాకీకి ఉన్న అనుమానం ఒక్కటే, ఇది చేత్తో వేసిందా, ప్రింటా? సైట్లో ఆ అనుమానాన్ని వాళ్ళంతట వాళ్ళే తీర్చుకునే వీలుండాలి.

దీనికి మీ దగ్గర ఉన్నంత సరుకు ఎవరి దగ్గరా లేదు. ప్రతి చీరకూ ఒక ఫొటో ఎండలో, దగ్గరగా, వేలితో జూమ్ చేస్తే నూలు పోగు కనిపించేంత స్పష్టంగా తీసి పెట్టండి. కలం గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉంటుంది, ఒకే నెమలి రెండుసార్లు వచ్చినా రెండు కళ్ళూ ఒకేలా ఉండవు. స్క్రీన్ ప్రింటులో అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఆ రెండు నెమళ్ళనూ పక్కపక్కన పెట్టి, మధ్యలో గీతను వేలితో అటూ ఇటూ జరిపి పోల్చుకునేలా చేయించండి, సైట్లు చేసేవాళ్ళకు ఇది తెలిసిన పనే. తిప్పే బొమ్మ కన్నా ఇదే పనికొస్తుంది. పిల్లలు కూడా ఆడుకుంటారు, వాళ్ళమ్మ ఆగి చూస్తుంది.

రెండోది, ఆర్డరు మీద వేయించేవాళ్ళకు. డబ్బు కట్టాక నెలా రెండు నెలలు ఏ సమాచారమూ లేకపోతే ఎవరికైనా టెన్షనే. కానీ మీ పనిలో ఎన్ని దశలు! బట్టను కరక్కాయ, గేదె పాలల్లో నానబెట్టడం, బెల్లం, తుప్పుపట్టిన ఇనుము ఊరబెట్టిన నల్లరంగుతో గీతలు, పటిక పూయడం, ఎర్రరంగులో ఉడకబెట్టడం, పారే నీళ్ళలో ఉతకడం, పసుపురంగు, నీలం. ఈ దశల్ని ఒక వరుసగా సైట్లో పెట్టి, ఆర్డరు నెంబరు కొడితే "మీ చీర ఇప్పుడు ఇక్కడుంది" అని ఆ దశ మీద చుక్క వెలగాలి, దాని పక్కన ఆ రోజు ఫోన్‌తో తీసిన ఫొటో ఒకటి. సైట్లో కుదరకపోతే అదే ఫొటో వాట్సాప్‌లో పంపండి, నష్టం లేదు. కరక్కాయ పాలల్లో నానిన తన బట్టను ఫొటోలో చూసుకున్నావిడ మళ్ళీ రేటు గురించి మాట్లాడదు, నలుగురికి చూపిస్తుంది. మచిలీపట్నం కలంకారీ దిమ్మలతో అద్దేది, మీది కలంతో గీసేది, ఈ తేడా చాలామందికి తెలీదు, ఆ ఒక్క వాక్యం మొదటి పేజీలోనే ఉండాలి. మీ కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది కదా, దాని వాడకందారుగా మీరు నమోదై ఉంటే ఆ వివరం కూడా రాయండి.

కొనేముందు ఐదు నిమిషాల వీడియో కాల్‌కు టైము ఎంచుకునే బటన్ కూడా ఒకటి పెట్టి చూడండి, రోజుకు రెండు కాల్స్ మాత్రమే అని ముందే చెప్పేయండి, లేకపోతే మీకు అన్నం తినే తీరిక ఉండదు.

ప్రశ్న: మా లాడ్జి సైట్ తెరవగానే సుప్రభాతం వస్తుంది, పైనుంచి పూలు రాలతాయి. అందరూ బాగుందంటున్నారు, బుకింగులు మాత్రం లేవు. కారణం ఏమై ఉంటుంది?
– తిరుపతి బస్టాండు దగ్గరనుంచి

జవాబు: అందరూ అంటే మీ బంధువులే అయ్యుంటారు. బస్సులో కూర్చుని గది వెతుక్కునేవాడి ఫోన్లోంచి ఉన్నట్టుండి సుప్రభాతం మోగితే చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూస్తారు, అతను కంగారుగా మూసేస్తాడు. అదీకాక రాత్రి పదకొండింటికి సుప్రభాతమేమిటండీ? చాలా బ్రౌజర్లు శబ్దంతో వాటంతటవే మోగేవాటిని ఆపేస్తాయి, కాబట్టి కొందరికి మోగదు, కొందరికి మోగుతుంది, అది ఇంకా చిరాకు. పూలు రాలడం వల్ల "గది చూడండి" బటన్ మీద నా వేలు పడేసరికి ఒక చామంతి అడ్డమొచ్చింది. రెండూ తీసేసి ఆ చోటులో గది ఫొటో, బాత్రూం ఫొటో, వేడినీళ్ళు ఏ టైములో వస్తాయి, లిఫ్టు ఉందా, 24 గంటల చెకౌటా కాదా అన్నవి పెట్టండి. తెరవగానే పేజీ మొత్తం కప్పేసే ఆఫర్ పెట్టె కూడా ఉంది మీకు. ఫోన్లలో అలాంటివి పెట్టే పేజీలను వెతుకులాటలో కిందికి నెట్టడం గూగుల్ 2017 జనవరి నుంచే మొదలుపెట్టింది.

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తయారు చేసే చిన్న యూనిట్ మాది. మా సైట్‌కు వచ్చేది మామూలు జనం కాదు, జ్యూస్ కంపెనీల కొనుగోలు విభాగాలవాళ్ళు, ఎగుమతిదారులు. వాళ్ళకోసం కూడా ఈ ఇంటరాక్టివ్ గొడవ అవసరమా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అవసరమే, వేరే రకంగా. కొనుగోలు విభాగంవాడికి మీ తోట అందం అక్కర్లేదు. తోతాపురియా అల్ఫాన్సోనా, బ్రిక్స్ (తీపి కొలత) ఎంత, ఆమ్లం ఎంత, ఎసెప్టిక్ (క్రిములు చేరకుండా నింపిన) డ్రమ్మా డబ్బానా, ఏ నెల సరుకు, ఎప్పుడు పంపగలరు, ఇవే అడుగుతాడు. ఇవన్నీ పీడీఎఫ్‌లో దాచిపెట్టి, ఈమెయిల్ ఇస్తేనే దింపుకోనిస్తాం అని తాళం వేశారు మీరు, అది తీసేయండి. రకం, ప్యాకింగ్, పరిమాణం ఎంచుకుంటే వివరాల కాగితం అక్కడే తెరుచుకోవాలి. టన్నుల్లో అడిగితే డ్రమ్ములెన్నో చెప్పే చిన్న లెక్క ఒకటి పెట్టండి, డ్రమ్ముకు సుమారు 215 కిలోలనుకుంటే 10 టన్నులకు 47 డ్రమ్ములు పడతాయి, ఈ లెక్క అతను రోజూ కాలిక్యులేటర్‌లో కొట్టుకునేదే. చివర్లో "శాంపిల్ పంపండి" బటన్. మీ సీజన్ వేసవిలో మొదలై కొన్ని నెలల్లో అయిపోతుంది కాబట్టి, ఇప్పుడు ఏ రకం నిల్వ ఉంది, ఏది అయిపోయింది అన్నది వారానికోసారి మార్చండి. పోయినేడాది ఆగస్టు నిల్వ ఈ ఏడాది మార్చిలో చూపించే సైట్‌ను కొనుగోలు విభాగంవాడు రెండోసారి తెరవడు.

ప్రశ్న: మాది చిత్తూరులో చిన్న బేకరీ. సైట్లో రివ్యూలు రాసే వీలు పెట్టాను, నెలైనా ఒక్కటీ రాలేదు. ఖాళీగా ఉంటే బాగోదని ఓ పది మేమే రాసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వద్దమ్మా. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా చూపించాలి అన్నదానికి భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణమే తెచ్చింది, కొని రాయించిన రివ్యూలు, అమ్మేవాళ్ళు మనుషుల్ని పెట్టి రాయించుకున్నవి ప్రచురించకూడదని అందులో ఉంది. అదలా ఉంచండి, చిత్తూరు ఎంత ఊరు? "రుచి అద్భుతం" అని రాసింది మీ మరిదేనని మూడో రోజుకే తెలిసిపోతుంది.

రివ్యూ రాయమంటే ఎవరూ రాయరు, ప్రశ్న చిన్నదైతే నొక్కుతారు. కేకు డబ్బా మీద క్యూఆర్ కోడ్ అంటించి, దాన్ని స్కాన్ చేస్తే ఒక్క ప్రశ్న రావాలి: "తీపి ఎలా ఉంది? తక్కువ, సరిపోయింది, ఎక్కువ." మూడు బటన్లు, పేరు అక్కర్లేదు. ఎన్ని నొక్కులొచ్చాయో అక్కడే కనిపించాలి. రెండు వారాలకోసారి "ఎక్కువమంది తీపి ఎక్కువంటున్నారు, తగ్గించాం" అని మీరు సైట్లో రాయండి, నిజంగా తగ్గించాకే. ఈసారి కొన్నవాళ్ళు తగ్గిందో లేదో చెప్పడానికి మళ్ళీ స్కాన్ చేస్తారు, అందులో ఒకరిద్దరు రెండు ముక్కలు రాస్తారు కూడా. ఎవరైనా "ఎగ్ పఫ్‌లో గుడ్డు సగమే ఉంది" అని రాస్తే తీసేయకండి, కిందే జవాబు రాసి, మర్నాటినుంచి గుడ్డు పూర్తిగా పెట్టండి.